రెండు సేర్ల రాగులు

మునినారాయణప్ప ఎద్దు గంగడోలు నిమురుతూ అబద్ధం చెప్పాడు.

"నా కాడ యాడుండాయప్పా పిల్లప్పా? గాదె అడుగు కనిపిస్తా ఉండాది. నమ్మకపోతే ఎక్కి చూడు పో."

పిల్లప్ప ఎక్కి చూడలేదు. గాదె ఖాళీ అన్న మాట నిజమే. కానీ ఆ గాదెకు కాస్త దూరంలో, కొట్టం వెనక గడ్డివామి పక్కన, రెండు నిలువుల లోతు పాతరలో పద్దెనిమిది మూటల రాగులున్న మాటా నిజమే. నాలుగేళ్ల కింద ఆ పాతర తవ్వింది పిల్లప్పే. లోపలి గోడలకు ఎండుగడ్డి పురి చుట్టి, రాగులు పోయించి, మూతి మీద బండ దించి, పైన మన్ను కొట్టి, ఎవరి కంటా పడకుండా పేడతో అలికింది కూడా అతనే. అలా భూమిలో పెడితే రాగులు పదేళ్లయినా చెడవు.

నోటిదాకా వచ్చిన మాటను పిల్లప్ప మింగేశాడు. పాతర పనికి ఒక కట్టుబాటుంది. బండ మూసిన రోజున తవ్వినవాడు చిటికెడు మన్ను నాలుకకు రాసుకోవాలి. యజమాని దోసెడు రాగులు అతని పైపంచె చెంగులో పోయాలి, బండ తీసిన రోజున మళ్లీ ఒక దోసెడు. అంతటితో తవ్వినవాడికి ఆ పాతర సంగతి తెలియదు. యజమాని తానే పిలిచి బండ తియ్యమనేదాకా ఆయనతో కూడా ఆ మాట ఎత్తకూడదు. కాడుగోడి చుట్టూ పది ఊళ్లలో పిల్లప్ప చేత బండ మూయించుకోని పెద్ద ఇల్లు లేదంటే, ఆ నోటికున్న పేరే కారణం.

"రెండు సేర్లు చాలన్నా. మా చౌడమ్మ కాన్పయి పన్నెండు దినాలు. ఆకు ఉడకేసుకొని తింటా ఉండాది. బిడ్డకు పాలు పడలేదు."

"అయ్యో, ఉంటే ఇయ్యనా? సర్కారు డిపోలో ఇస్తారంట కదా?"

"మూడు వారాలుగా ఇదిగో వచ్చె, అదిగో వచ్చె అంటా ఉండారు."

"అందురి బతుకూ అట్లే ఉండాది," అని మునినారాయణప్ప ఎద్దును రెండో పక్కకు తిప్పాడు. చెడ్డవాడేం కాదు. ఇద్దరు తమ్ముళ్ల సంసారాలు అతని నెత్తినే ఉన్నాయి. వచ్చే ఏడు కూడా వానలు ఎగ్గొడితే ఎట్లా అన్న భయమూ ఉంది. అయినా పాతర తవ్వినవాడి మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయాడు కాబట్టే ఎద్దు మీద అంత ప్రేమ పుట్టుకొచ్చింది.

పిల్లప్ప ఇంటికి వచ్చేసరికి చౌడమ్మ గోడకు ఆనుకుని కూర్చుని బిడ్డను ఒక రొమ్ము నుంచి రెండో రొమ్ముకు మారుస్తోంది. బిడ్డ నాలుగు గుక్కలు చీకి, ఏమీ రాక, మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా మొన్నటంత గట్టిగా లేదు.

"ఇచ్చినాడా?" అంది భార్య కెంపమ్మ, పొయ్యి దగ్గర నుంచి.

"లేవంట."

"లేవా? నువ్వు నీ చేత్తో తవ్వి..."

"నోరు ముయ్యి," అన్నాడు పిల్లప్ప. కెంపమ్మ మూసుకుంది. ఉడికిన ఆకులో ఉప్పు వేసి, గంటెతో ముద్ద చేసి, కూతురు ముందు పెట్టింది. చౌడమ్మ దాన్ని దగ్గరకు లాక్కుంది. తినేసింది.

*

యుద్ధం ముగిసి ఏడాదయింది గానీ రేషను ముగియలేదు. దానికి తోడు ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఇంటి ఖర్చుకు పోగా మిగిలిన రాగులు రైతులు సర్కారుకు కొలవాలి. దాచిపెడితే వెతికి తీసి ఆ పక్క డిపోల్లోనే పంచుతారు. మరునాడు పొద్దున, కాడుగోడి స్టేషను దగ్గర క్యాంపు వేసిన రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఇద్దరు జవాన్లను వెంటబెట్టుకుని ఊళ్లోకి వచ్చాడు. జవాన్ల చేతుల్లో నేలలో గుచ్చి చూసే మనిషెత్తు ఇనుప సలాకులున్నాయి.

"ఈ ఊళ్లో పాతరలు తవ్వేది ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే సామీ," అన్నాడు పిల్లప్ప. "తవ్వేదీ నేనే, మరిచిపోయేదీ నేనే."

జనం నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. ఇలాంటి జవాబు అతనికి ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది.

నాలుగిళ్లు వెతికారు, ఏమీ దొరకలేదు. ఐదోది మునినారాయణప్ప ఇల్లు. జనమంతా దొడ్లోకి వచ్చి నిలబడ్డారు. పిల్లప్ప ఎప్పుడూ చేసే పనే చేశాడు: అందరికంటే ముందు గడ్డివామి పక్కకు పోయి, బండ ఎక్కడుందో సరిగ్గా అక్కడ, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మనుషులు నిలబడ్డ చోట సలాకు దించరు. ఇది కూడా పాతర పనిలో భాగమే, తండ్రి దగ్గర నేర్చుకున్నది.

జవాను కొట్టంలో నాలుగు పోట్లు పొడిచాడు. కళ్లంలో పొడిచాడు. గడ్డివామి చుట్టూ తిరిగి, పిల్లప్పను దాటుకుని, చెమట తుడుచుకుంటూ వెనక్కి మళ్లాడు. ఇక పోయేవాడే. మునినారాయణప్ప వసారాలో నిలబడి మళ్లీ ఎద్దు మెడ మీద చెయ్యి వేశాడు.

ఆ చేతిని చూస్తూ పిల్లప్ప ఎడమ పక్కకు జరిగాడు. ఒక్క అడుగు, అంతే.

జవాను వెనక్కి చూశాడు. ఖాళీ అయిన చోటు కనిపించి, ఊరికే, పోయేటప్పుడు ఇంకొక్క పోటు అన్నట్టు సలాకు దించాడు. జానెడు దిగి ఠంగుమంది.

పిల్లప్ప తన పాదాల వంక చూసుకున్నాడు. నేనేమీ చెప్పలేదు అనుకున్నాడు. నోరు తెరవలేదు, వేలు చూపలేదు.

ఇన్‌స్పెక్టరు బండ తియ్యమన్నాడు. తీసేది కూడా పిల్లప్పే కదా, తీశాడు. లాంతరు వెలిగించి తాడుతో దించితే నిలువెత్తు దిగగానే ఆరిపోయింది. లోపల విషగాలి ఉంది, ఇప్పుడు దిగితే మనిషి పైకి రాడు, రేపటిదాకా తెరిచి పెట్టాలన్నాడు పిల్లప్ప. ఒక జవానును కాపలా ఉంచి ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో మాట పుట్టింది. నిన్న మధ్యాహ్నం పాపయ్యను క్యాంపు దగ్గర చూశామన్నారు ఇద్దరు. ఇంకేం కావాలి? పాపయ్య పిల్లప్ప చెల్లెలు సొన్నమ్మ మొగుడు. ఈ పాతర తవ్విన రోజుల్లో పిల్లప్పకు పనిలో జోడు. ఇతను లోపల తవ్వుతుంటే అతను పైన గంపలు లాగేవాడు. మూడేళ్ల కింద వెంకటరాయప్ప పాతర సర్కారుకు చూపించి, వాళ్లిచ్చిన పది సేర్ల రాగులు ఇంటికి తెచ్చుకున్నవాడు. పంచాయితీ ఆ రాగులు కక్కించి, అతనికి నిప్పూ నీళ్లూ బందు చేసింది. ఆ రోజు ఎవరో "ఎందుకు చెప్పినాడో అడుగుదాం" అంటే, "కారణం అడిగేదేముండాది? పాతర మాట చెప్పినోడు చెప్పినోడే" అని అడ్డం పడింది పిల్లప్పే. సొంత చెల్లెలి సంసారమని కూడా చూడలేదే అని ఊరు ఊరంతా మెచ్చుకుంది.

"వాడే," అన్నాడు మునినారాయణప్ప. "వాడు కాక ఇంకెవరుండారు తెలిసినోళ్లు? నువ్వూ వాడూ."

పిల్లప్ప తల ఊపాడు. దేనికి ఊపాడో అతనికే తెలియలేదు.

*

పొద్దున లాంతరు రాగుల మీదిదాకా దిగినా ఆరలేదు. పిల్లప్ప నడుముకు తాడు కట్టుకుని దిగాడు. లోపల వెచ్చగా ఉంది. నాలుగేళ్ల కింద తాను చుట్టిన గడ్డి పురి ఎక్కడా జారలేదు. ఒక చోట మాత్రం పురి రెండు మెలికలు అడ్డదిడ్డంగా ఉంది. అది పాపయ్య చుట్టిన చోటు. ఆ రోజు ఇక్కడే నిలబడి ఇద్దరూ నవ్వుకున్నారు, ఎందుకో గుర్తులేదు. పిల్లప్ప ఆ వైపుకు వీపు పెట్టి గంపలు నింపడం మొదలుపెట్టాడు. రాగులు ఎర్రగా, గలగలలాడుతూ, నిన్న నూర్చినట్టున్నాయి. మధ్యాహ్నానికి పద్దెనిమిది మూటలూ బండికెక్కాయి.

అతను పైకొచ్చి మోకాళ్ల మీది దుమ్ము దులుపుకుంటుంటే మునినారాయణప్ప దగ్గరకొచ్చాడు. ఒక్క రాత్రిలో మనిషి దవడలు జారిపోయాయి. గంప అడుగున మిగిలిన రాగులు దోసెడు తీసి, "పంచె పట్టు," అన్నాడు.

"ఇప్పుడెందుకన్నా ఇది?"

"బండ తీసినప్పుడు నీ వంతు నీకు పొయ్యాల కదా. సర్కారు తీయిస్తేనేం, నేను తీయిస్తేనేం. కట్టుబాటు నువ్వు నిలబెట్టుకున్నావు, నేను తప్పనా?"

పిల్లప్ప పంచె చెంగు పట్టాడు. గింజలు కొన్ని నేలమీద పడ్డాయి. వాటిని ఏరడానికి వంగి, చాలాసేపు లేవలేదు.

ఆ మూటలు మరునాడు డిపోకు వచ్చాయి. మనిషికి రెండు సేర్ల లెక్కన కార్డుల మీద కొలిచారు. మూడు వారాల తర్వాత రాగుల మొహం చూసిన జనం తెల్లారకముందే వరస కట్టారు. సొన్నమ్మ కూడా గుడ్డ సంచితో వచ్చింది. ఆమె వరసలో నిలబడగానే ముందున్న ఆడవాళ్లు కొంగులు దగ్గరకు లాక్కున్నారు, వెనకున్నవాళ్లు ఆమెను తోసుకుని ముందుకు పోయారు. ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. జరుగుతూ జరుగుతూ ఆఖరుకు పోయింది. ఆమె వంతు వచ్చేసరికి రాగులైపోయాయి. కొలిచేవాడు సేరు బోర్లించి చూపించాడు.

పిల్లప్ప తన ఆరు సేర్ల మూట భుజాన వేసుకుని అవతల నిలబడి ఇదంతా చూశాడు. పిలవాలనుకున్నాడు. సొన్నమ్మ ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని రైలుకట్ట వైపు నడిచిపోయింది.

ఆ సాయంత్రం కెంపమ్మ రాగి అంబలి కాచింది. చౌడమ్మ రెండు పూటలు కడుపునిండా తాగింది. మర్నాటికి రవిక ముందు భాగం తడిసింది. బిడ్డ తాగి, వెక్కిళ్లు పెట్టి, తాగుతూనే నిద్రపోయింది. కెంపమ్మ నవ్వుతూ ఏడ్చింది. పిల్లప్పకూ సంతోషంగానే ఉంది, కాదనడానికి లేదు. కానీ తన ముద్దను నీళ్లతో దింపుకున్నాడు.

బిడ్డ కోసం జరిగానా? లేక ఆ ఎద్దును నిమిరే చేతిని చూసి ఒళ్లు మండి జరిగానా? మూడు రోజులుగా అతన్ని తొలుస్తున్నది ఇదే. బిడ్డ కోసమే అని గట్టిగా అనుకుంటే కొంచెం ఊపిరాడేది. కానీ జరిగిన ఆ క్షణంలో బిడ్డ గుర్తుకు రాలేదన్న సంగతి అతనికి తెలుసు.

*

బిడ్డకు పాలు పడిన నాటి మధ్యాహ్నమే చావడిలో పంచాయితీ కూడింది. పాపయ్యను మెట్ల కింద ఎండలో నిలబెట్టారు, వెలివేసినవాడు మెట్టెక్కకూడదు. రైలుకట్ట మీద కంకర కొట్టే పని నుంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, చేతులు తెల్లటి దుమ్ము.

"నేను క్యాంపుకు పోయింది రేషను కార్డులో పేరు తప్పు పడితే దిద్దించుకునేదానికి," అన్నాడు. "పాతర మాట ఎత్తలేదు."

వినేవాడు లేడు. కులపెద్ద పెద్దమునియప్ప గొంతు సవరించుకున్నాడు. "ఈసారి నిప్పూ నీళ్లూ కాదు. ఊరు దాటించాల. సంసారం ఎత్తుకోని యాడికైనా పోనీ. పిల్లప్పా, పోయినసారి మొదటి మాట నీదే. ఇప్పుడూ నువ్వే చెప్పు."

అందరూ అతని వైపు తిరిగారు. ఆ చూపుల్లో గౌరవం ఉంది. సొన్నమ్మ దూరంగా గోడవార నిలబడి ఉంది. ఇంకొక్కసారి తల ఊపితే చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

పిల్లప్ప లేచి నిలబడ్డాడు. "పాపయ్య కాదు," అన్నాడు. "నేను."

"ఏం నువ్వు?"

"బండ మీద నిలబడుకోని ఉంటి. జవాను ఎనక్కి మళ్లినాక, తెలిసే పక్కకు జరిగినా."

పిల్లప్ప భుజం మీది పంచె తీసి నడుముకు చుట్టుకున్నాడు. తిడతారు, పైబడి కొడతారు, వెలివేస్తారు. ఏదైనా సరే, త్వరగా అయిపోతే చాలనుకున్నాడు.

పెద్దమునియప్ప గడ్డం గోక్కున్నాడు. "జరిగితే ఏమాయె? అంతసేపు నిలబడి కాళ్లు పీకింటాయి."

కొందరు నవ్వారు.

"కాళ్లు పీకి కాదప్పా. తెలిసే..."

"ఉండప్పా," అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "ఇంట్లో పచ్చి బాలింత. ఏం చేస్తాడు మనిషి? ఆయప్ప జరిగినాడు కాబట్టి ఊరంతా ముద్ద తినింది." అవునవునన్నారు ఇంకొందరు. నిన్నటి రాగులు అందరి కడుపుల్లోనూ ఉన్నాయి. దాచుకున్నవాడిదే తప్పన్న మాట కూడా ఒక మూల నుంచి వచ్చింది. అన్నది వెంకటరాయప్ప.

మునినారాయణప్ప తల వంచుకున్నాడు. కోపం వస్తుందని అందరూ చూశారు గానీ రాలేదు. "నన్ను అడిగినాడు," అన్నాడు మెల్లగా. "రెండు సేర్లు అడిగినాడు. లేవంటి." పైపంచె దులుపుకుని, ఎవరి మొహమూ చూడకుండా చావడి దిగి వెళ్లిపోయాడు.

"అయిపాయె," అన్నాడు పెద్దమునియప్ప, బరువు దించుకున్నట్టు. "కాలం అట్లాంటిది. పిల్లప్ప మీద తప్పు లేదు. పనిలో పనిగా పాపయ్యది కూడా ఇంతటితో వదిలేద్దాం. రేపటినుంచి బావికాడికి రమ్మను."

పాపయ్య కదల్లేదు. "మూడేండ్ల ముందు ఎందుకని నన్ను ఒక్కరూ అడగలేదే?"

"అప్పుడు కాలం వేరప్పా. అప్పుడు అందురి ఇండ్లలో రాగులుండె."

"నా ఇంట్లో లేవు," అన్నాడు పాపయ్య. సొన్నమ్మ గోడ వదిలి అతని వెనక నడిచింది. జనం లేచి, పిల్లప్ప భుజం తట్టి, బిడ్డకు పాలు పడ్డాయా అని అడిగి, ఒకరొకరే వెళ్లిపోయారు. వెలివేసినా అతనికి ఇంత సిగ్గు వేసేది కాదు.

*

పొద్దు వాలుతుండగా పిల్లప్ప రెండు సేర్ల రాగులు మూటకట్టుకుని రైలుకట్ట పక్కకు పోయాడు. మూడేళ్లలో చెల్లెలి గుడిసె ముందుకు రావడం ఇదే మొదలు. బెంగుళూరు నుంచి వచ్చే బండి కూత పెట్టుకుంటూ పోయింది. పాపయ్య బయట రాతి మీద కూర్చుని సుత్తి పిడి బిగిస్తున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. సొన్నమ్మ లోపల నుంచి చాప తెచ్చి పరిచింది.

పిల్లప్ప మూట చాప మీద పెట్టాడు. "పాపయ్యా, ఆ పొద్దు అడగాల్సింది. ఈ పొద్దు అడగతా ఉండా. వెంకటరాయప్ప పాతర ఎందుకు చూపించినావు?"

పాపయ్య సుత్తి పిడిని నేలకేసి రెండుసార్లు కొట్టాడు. "నీ చెల్లెలు ఉండాది కదా. ఆమెను అడుగు."

సొన్నమ్మ గడప మీద కూర్చుంది. ఆమె గొంతులో కోపం లేదు. "నాకు అప్పుడు ఏడో నెల అన్నా. ఈయప్పకు జరం, పది దినాలు పనికి పోలేదు. ఇంట్లో గింజ లేదు. నీ కాడికి వస్తి, రెండు సేర్లు ఇమ్మని."

పిల్లప్ప చాప పోగు లాగుతూ ఉండిపోయాడు.

"నువ్వు వాకిట్లో కూర్చోని పార సానబెట్టుకుంటా ఉండావు. తలెత్తలేదు. 'నా కాడ యాడుండాయమ్మా' అంటివి. ఆ మర్నాడు ఈయప్ప పోయి పాతర చూపించె. తెచ్చిన పది సేర్లలో ఒక్క పూట తింటిమి. మిగతాది మీరు వచ్చి ఎత్తుకపోతిరి. కడుపులో బిడ్డ ఆ నెలలోనే పోయె."

గుర్తులేదనడానికి లేదు. గుర్తుంది. పార అంచు రాతి మీద గీసుకున్న చప్పుడు కూడా గుర్తుంది. అటక మీద రెండు కుండల నిండా రాగులుండడం, చౌడమ్మ పెండ్లి దగ్గరపడిందని వాటిని తాకనివ్వకపోవడం, అన్నీ గుర్తున్నాయి. ఈ మూడేళ్లలో ఆ రోజునీ చావడిలో తానన్న మాటనీ ఒక్కచోట పెట్టి చూసుకోలేదు, అంతే. నిన్నటిదాకా మునినారాయణప్ప చేతిని తలుచుకుని ఒళ్లు మండించుకున్నవాడు ఇప్పుడు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో దాచుకున్నాడు.

"సొన్నమ్మా," అన్నాడు. మూట ఆమె వైపు జరిపాడు. కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఆమె మూట విప్పింది. రాగులు చేటలో పోసి, రెండుసార్లు చెరిగి, మట్టిబెడ్డలు ఏరేసింది. తర్వాత సేరు గిన్నె తెచ్చి, నిండా ఒక సేరు కొలిచి కుండలో పోసుకుంది. మిగిలినదాన్ని మళ్లీ అతని గుడ్డలోనే పోసి ముడి వేసింది.

"అదెందుకు? నీకే తెచ్చినా," అన్నాడు పిల్లప్ప.

"బాలింత ఉండాది కదా ఇంట్లో. దానికి పాలు పడాల." మూట అతని చేతికిచ్చి, "చౌడమ్మ బిడ్డను ఒకసారి చూపించమని చెప్పు వదినకు," అంది. పాపయ్య సుత్తి పిడి బిగిస్తూనే ఉన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

ఊరి మొదట్లో పెద్దమునియప్ప ఎదురుపడ్డాడు. పొలం నుంచి వస్తున్నాడు, కడుపు నిండిన మనిషి కాబట్టి పలకరింపుగానే ఉన్నాడు.

"ఏమప్పా, చేతిలో మూట? యాడికి పోయొస్తా ఉండావు?"

పిల్లప్ప ఆగాడు. "రాగులు అడగబోయింటి," అన్నాడు.

"ఇచ్చినారా?"

"ఇచ్చినారు."